ఇంగ్లీషు వింటుంటే మాటలు జారిపోతున్నాయా? వర్కింగ్ మెమరీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమీర్‌పేటలో సాయంత్రం బ్యాచ్‌కి ఇంగ్లీషు లిజనింగ్ చెబుతాను. బ్యాచ్‌లు మారతాయి, మనుషులు మారతారు, సందేహాలు మాత్రం అవే. క్లాసు అయ్యాక మెట్ల దగ్గర ఆపి అడిగేవి, రాత్రి పదకొండుకి వాట్సాప్‌లో వచ్చేవి, అన్నీ ఇక్కడ పెట్టాను. వరసగా చదవక్కర్లేదు. మీ సందేహం ఏదో చూసుకుని అక్కడికే వెళ్లండి. ఉదాహరణలు ఎక్కువగా ఇంగ్లీషువే అయినా, జర్మన్ నేర్చుకుంటున్నవాళ్లకీ, ఫ్రెంచ్ నేర్చుకుంటున్నవాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

## అసలు ఏం జరుగుతోంది?

చదివితే అంతా అర్థమవుతుంది. అదే వింటే సగం పోతుంది. ఎందుకిలా?

కాగితం మీద మాట ఎక్కడికీ పోదు. అర్థం కాకపోతే కన్ను వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకుంటుంది. చెవిలో పడిన మాట అలా ఆగదు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు మామూలుగా నిమిషానికి 150 మాటల చుట్టుపక్కల మాట్లాడతారు, అంటే సెకనుకు రెండు మూడు మాటలు. ఒక మాట దగ్గర మీరు సెకను ఆగితే ఆ రెండు మూడూ దాటిపోయినట్టే.

ఆ సెకనులో మీ బుర్ర చేయాల్సిన పని చాలా ఉంది. విన్న శబ్దాన్ని పట్టి ఉంచాలి, అది ఏ మాటో పోల్చుకోవాలి, ముందొచ్చిన మాటలతో కలపాలి, ఈలోగా వస్తున్న కొత్తవాటిని వింటూ ఉండాలి. ఇవన్నీ జరిగే చోటు పేరే వర్కింగ్ మెమరీ. అది చాలా ఇరుకు. తెలుగు వింటున్నప్పుడు మాటను పోల్చుకోవడానికి శ్రమే ఉండదు కాబట్టి ఆ చోటంతా అర్థానికి దొరుకుతుంది. కొత్త భాషలో మాటలు పోల్చుకోవడానికే అది సరిపోతుంది.

వర్కింగ్ మెమరీ అంటే మామూలు జ్ఞాపకశక్తే కదా?

కాదు. చిన్నప్పుడు నేర్చిన ఎక్కాలు గుర్తుండటం వేరే సంగతి. బ్యాంకు మెసేజ్‌లో ఆరంకెల ఓటీపీ చూసి, యాప్‌లోకి వెళ్లి కొట్టేదాకా పెదాల మీద తిప్పుకుంటూ ఉంటారు చూడండి, అదీ వర్కింగ్ మెమరీ అంటే. ఈలోగా ఎవరైనా "టీ తాగుతావా?" అన్నారంటే అంకెలు పోతాయి.

1974లో అలన్ బ్యాడ్లీ, గ్రాహమ్ హిచ్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని భాగాలుగా విడదీసి చూపించారు. శబ్దాలను తిప్పుకునే చోటు ఒకటి, కంటికి కనిపించినవాటిని పట్టి ఉంచే చోటు ఇంకొకటి, దృష్టిని ఎటు పెట్టాలో చూసే పెద్ద ఒకరు. శబ్దాల చోటులో పట్టేది సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంత. మనసులో మళ్లీ మళ్లీ అనుకుంటూ ఉంటేనే అది నిలుస్తుంది.

ఎన్ని పడతాయంటే, 1956లో జార్జ్ మిల్లర్ ఏడుకు రెండు అటూ ఇటూ అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ లెక్కగట్టి, తిప్పుకునే వీలూ జతచేసుకునే వీలూ లేకుండా చూస్తే నాలుగే అన్నాడు. నాలుగు అంటే నాలుగు ముక్కలు. ముక్క ఎంత పెద్దదన్నది మీకున్న పరిచయాన్ని బట్టి ఉంటుంది. "హైదరాబాద్" మనకు ఒక్క ముక్క. ఈ ఊరి పేరు ఎన్నడూ వినని మనిషికి అది హై, ద, రా, బాద్. ఒక్క పేరుకే నాలుగూ నిండిపోయాయి.

అంటే నా మెమరీ వీక్ అనేనా?

దాదాపు ఎప్పుడూ కాదు. ఈ ప్రశ్న అడిగేటప్పుడు చాలామంది గొంతు తగ్గిపోతుంది, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఒక నిమిషం తెలుగు వార్తలు విని, విన్నది మీ మాటల్లో చెప్పి చూడండి. చెప్పగలిగారా? అయితే ఆ చోటు బాగానే ఉంది. ఇంగ్లీషులో దాని మీద పడే బరువు ఎక్కువ, అంతే.

2012లో నెదర్లాండ్స్‌లో డచ్ వినేవాళ్ల మీద ఒక అధ్యయనం అచ్చయింది. డచ్ మాతృభాషగా ఉన్నవాళ్లూ, తర్వాత నేర్చుకున్నవాళ్లూ ఇద్దరూ అందులో ఉన్నారు. ఎవరు బాగా విని అర్థం చేసుకుంటారన్నది వాళ్లకున్న భాషాజ్ఞానాన్ని బట్టి చాలావరకు తేలిపోయింది. దాన్ని లెక్కలోకి తీసుకున్నాక వర్కింగ్ మెమరీకి విడిగా వాటా కనిపించలేదు. వేరే అధ్యయనాల్లో కొంత వాటా కనిపించింది. ఏ రకంగా చూసినా మీ చేతిలో ఉన్నది మాటల పరిచయం పెంచుకోవడమే.

తెలిసిన మాటలే, కానీ అన్నీ అతుక్కుపోయి ఒకే మాటలా వినిపిస్తాయి. నా చెవిలోనే లోపమా?

చెవిలో లోపం లేదు. మీ చెవి తెలుగుకు అలవాటుపడింది. ఇది అన్నిటికంటే పెద్ద ఇబ్బంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

జూన్‌లో ఒక అమ్మాయి రాసిన డిక్టేషన్ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. ఎనిమిది సెకన్ల ఆడియో. అందులో మొదటి వాక్యం "ఐ షుడ్ హావ్ టోల్డ్ హిమ్". మాట్లాడేవాడి నోట అది "ఐ షుడవ్ టోల్డిమ్" అని వచ్చింది. ఆమె "ఐ" అని రాసి, కాస్త ఖాళీ వదిలి, "టోల్ డిమ్" అని రాసింది. ఆ తర్వాత కాగితమంతా ఖాళీ. "డిమ్ అంటే లైటు డిమ్ చేయడమా మేడమ్?" అని అడిగింది. ఆ ఐదు మాటలూ ఆమెకు ఏడో తరగతి నుంచి తెలుసు. "డిమ్" ఏమిటా అని ఆలోచిస్తుండగా మిగతా ఆరు సెకన్లు వెళ్లిపోయాయి.

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషు మాటలు ఎక్కువగా హల్లుతో ముగిసి, పక్క మాట అచ్చుతో మొదలైతే దానికి అతుక్కుంటాయి. "పిక్ ఇట్ అప్" కాస్తా "పికిటప్" అవుతుంది. ఇది మనకు కొత్తేమీ కాదు, మనమూ సంధి చేస్తాం. "మీరు ఎప్పుడు వచ్చారు" అని ఎవరంటారు? "మీరెప్పుడొచ్చారు" అంటాం. తెలుగు నేర్చుకుంటున్న పరాయి ఊరి మనిషికి అదీ ఒకే మాటలా వినిపిస్తుంది.

ఇంకో తేడా లయలో ఉంది. మన ఛందస్సు మాత్రల లెక్క మీద నడుస్తుంది, లఘువుకు ఒకటి, గురువుకు రెండు. జపనీస్ లయ కూడా మాత్రలదే. లలితా మూర్తి, తకాషి ఒటాకే, ఆన్ కట్లర్ 2007లో ప్రచురించిన పరిశోధనలో తెలుగువాళ్లకు జపనీస్ వినిపించారు. ఆ భాషతో ఏ చుట్టరికమూ లేని మనవాళ్లు, జపాన్‌వాళ్లలాగే మాత్రల హద్దుల దగ్గర మాటను విడదీసుకుని విన్నారు. ఇది చదివిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మనం చిన్నప్పుడు గురువు లఘువు గుర్తులు పెట్టిన చెవితోనే పరాయి భాషనూ వింటున్నాం.

ఇంగ్లీషు లయ అది కాదు. నొక్కి పలికే అక్షరం దగ్గర దెబ్బ పడుతుంది, మిగతావి నలిగిపోతాయి. "కంఫర్టబుల్" అని మనం అన్ని అక్షరాలూ నిండుగా ఆశిస్తాం, వచ్చేది "కంఫ్‌టబ్ల్". అందుకే వినేటప్పుడు నొక్కి పలికిన మాటలను పట్టుకోండి. నలిగినవాటి కోసం ఆగకండి, అవి ఎక్కువగా చిన్న చిన్న వ్యాకరణపు మాటలే.

వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతున్నాను. ఏం చేయాలి?

మనసులో తెలుగులోకి మార్చుకుంటున్నారేమో చూసుకోండి. "ద రిపోర్ట్ దట్ ద క్లయింట్ హూ కాల్డ్ యెస్టర్‌డే వాంటెడ్ ఈజ్ నాట్ రెడీ" అనే వాక్యం తీసుకోండి. తెలుగులో దీన్ని "నిన్న ఫోన్ చేసిన క్లయింట్ అడిగిన రిపోర్ట్ రెడీ కాలేదు" అంటాం. ఇంగ్లీషులో మొదటొచ్చిన రిపోర్ట్ మనకు చివరి వైపుకి పోయింది, నడుమనున్న "నిన్న" మొదటికొచ్చింది. అంటే మార్చుకోవాలంటే సగం పైగా వాక్యాన్ని అలాగే పట్టుకుని కూర్చోవాలి. అంత చోటు ఎవరికీ ఉండదు.

వచ్చినదాన్ని వచ్చిన వరసలోనే బొమ్మగా కట్టుకోండి. రిపోర్ట్ అనగానే ఒక ఫైలు, క్లయింట్ అనగానే ఒక మనిషి, కాల్డ్ అనగానే అతని చేతిలో ఫోను. బొమ్మలు వేరే చోటులో నిలుస్తాయి కాబట్టి శబ్దాల చోటు మీద బరువు తగ్గుతుంది.

ఎవరైనా ఇంగ్లీషులో నంబర్లు గబగబా చెబితే తడబడతాను. ఎందుకు?

అంకెల పేర్లు పలకడానికి ఎంత ఎక్కువసేపు పడితే అంత తక్కువ గుర్తుంటాయి. బ్రిటన్‌లోని వేల్స్ భాష వెల్ష్, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ల మీద 1980లో చేసిన పరిశోధనలో, వాళ్లకు ఇంగ్లీషు అంకెలే ఎక్కువ గుర్తున్నాయి, ఎందుకంటే వెల్ష్ అంకెలు పలకడానికి ఎక్కువసేపు పడుతుంది. మన "ఎనిమిది", "తొమ్మిది" కూడా చిన్న మాటలేం కాదు. మనవాళ్లు ఫోన్ నంబరు "నైన్ ఎయిట్ ఫోర్" అనే చెప్పుకోవడం ఈ లెక్కన మంచిదే.

తడబాటు ఎక్కువగా "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" లాంటి జతల దగ్గర వస్తుంది. ఫ్రెంచ్‌లో 90ని "నాలుగిరవైలు పది" అంటారు, జర్మన్‌లో 21ని "ఒకటీ ఇరవై" అంటారు. అక్కడ లెక్క కట్టుకునే పని కూడా తోడవుతుంది. రోజూ ఇరవై నంబర్లు విని రాయండి. రెండు వారాల్లో తేడా తెలుస్తుంది.

## ఇంట్లో సాధన చేసేటప్పుడు

వంట చేస్తూ ఇంగ్లీషు న్యూస్ పెట్టుకుంటే సరిపోదా?

భాష నాదం చెవికి అలవాటవుతుంది, అంతవరకే. పోపు మాడకుండా చూస్తున్న మనిషికి దృష్టి పొయ్యి మీదే ఉంటుంది. రోజుకు పదిహేను నిమిషాలు పుస్తకం, పెన్ను పట్టుకుని కూర్చుని వినండి. అది రెండు గంటల వంటింటి న్యూస్ కంటే ఎక్కువ పనిచేస్తుందని నా అనుభవం.

ఒకే ఆడియోను పదిసార్లు వినడం బట్టీ పట్టడమే కదా?

బట్టీలో మాటలు నోటికొస్తాయి. ఇక్కడ మీరు చేసేది చెవికి మాటల రూపం అలవాటు చేయడం. ముప్ఫై సెకన్ల ముక్క తీసుకోండి. మొదటిసారి విషయం ఏంటో చూడండి. తర్వాత ఆపి ఆపి విన్నది విన్నట్టు రాయండి. అసలు రాతతో పోల్చి, తప్పిన చోట్ల ఎర్ర పెన్నుతో గీయండి. ఇప్పుడు ఆ ఎర్ర గీతల దగ్గరే మళ్లీ మళ్లీ వినండి, "షుడవ్" అన్నది చెవికి "షుడ్ హావ్" అని తోచేదాకా. ఒక్కసారి అది ఒకే ముక్కగా కుదిరిందంటే, ఇక ఏ ఆడియోలో వచ్చినా దానికోసం ఆగరు. కొత్త ఆడియోలు పది వినేవాళ్లకు ఈ లాభం రాదు, ప్రతిదాంట్లోనూ అవే చోట్ల జారిపోతారు.

సబ్‌టైటిల్స్ పెట్టుకోవాలా, వద్దా?

వినే భాషలోనే ఉన్న సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, తెలుగువి వద్దు. 2009లో డచ్‌వాళ్లకు స్కాట్లండ్, ఆస్ట్రేలియా యాసల్లో ఉన్న వీడియోలు చూపించి పరీక్షించారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూసినవాళ్లు ఆ యాసను తర్వాత బాగా పట్టుకున్నారు. సొంత భాషలో సబ్‌టైటిల్స్ చదివినవాళ్లకు కథ తెలిసింది గానీ, కొత్త మాటలు వినడంలో అవి అడ్డే అయ్యాయి. మొదటిసారి సబ్‌టైటిల్స్‌తో, రెండోసారి అవి తీసేసి చూడండి.

స్పీడ్ తగ్గించి వినవచ్చా?

మొదట్లో వినవచ్చు. మరీ తగ్గిస్తే మాటలు సాగి అసలు రూపం పోతుంది. నా సలహా ఏంటంటే, స్పీడ్ అలాగే ఉంచి వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆపండి. మీకు కావలసింది మాటలను సర్దుకునే సమయం, అది ఆ ఆగిన చోట దొరుకుతుంది.

మెమరీ గేమ్ యాప్‌లు ఆడితే వర్కింగ్ మెమరీ పెరుగుతుందా?

ఆ గేమ్‌లో స్కోరు పెరుగుతుంది. 2013లో ఇలాంటి శిక్షణల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు, ఆ లాభం వేరే నైపుణ్యాలకు పాకినట్టు గట్టి ఆధారం దొరకలేదు. దీనికో మంచి ఉదాహరణ ఉంది. 1980లో అమెరికాలో ఒక విద్యార్థి 230 గంటలకు పైగా సాధన చేసి, ఒకసారి విన్న 79 అంకెలను వరసగా అప్పజెప్పాడు. అతను రన్నర్. అంకెలను పరుగు పందేల టైమింగ్‌లుగా జతచేసుకున్నాడు. తర్వాత అంకెలకు బదులు అక్షరాలిస్తే మళ్లీ సుమారు ఆరు దగ్గరికే వచ్చేశాడు. పెరిగింది అంకెలతో అతనికున్న చనువు. డబ్బు కట్టి యాప్ కొనేబదులు ఆ గంట ఇంగ్లీషు వినండి.

మరి అవధానులకు అంత గుర్తెలా ఉంటుంది?

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి పని పెడతారు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి ఉంటాయి, మధ్యలో ఏకాగ్రత చెడగొట్టడానికి అప్రస్తుత ప్రసంగం కూడా. ఒక్కో పాదం చెబుతూ పోయి, చివర ధారణలో పద్యాలన్నీ పూర్తిగా అప్పజెబుతారు. ఇందులో ఛందస్సు పెద్ద అండ. ఉత్పలమాల నడక ఒంట్లో ఇంకిపోయిన మనిషికి పాదం అంటే ఇరవై విడి అక్షరాలు కాదు, ఒక అచ్చులో పోసిన ఒక్క ముక్క. యతి ఎక్కడ పడాలో, ప్రాస ఏదో ముందే తెలుసు కాబట్టి మాట తనంతట తనే ఆ చోటుకి వస్తుంది. దాని వెనక ఏళ్ల సాధన ఉంది. "ఐ వాజ్ వండరింగ్ ఇఫ్", "యాజ్ ఫార్ యాజ్ ఐ నో" లాంటి పలుకుబళ్లను మీరు ఒక్క ముక్కగా వినడం నేర్చుకోవడమూ అదే దారి.

## పరీక్ష, ఇంటర్వ్యూ, ఆఫీసు కాల్

ఐఈఎల్‌టీఎస్‌లో ఒక సమాధానం రాస్తుండగా రెండోది వెళ్లిపోతుంది. ఎలా?

ఈ ఇంగ్లీషు పరీక్షలో లిజనింగ్ అంటే నాలుగు భాగాలు, 40 ప్రశ్నలు, ప్రతి ఆడియో ఒక్కసారే. భాగం మొదలయ్యే ముందు ప్రశ్నలు చదువుకోవడానికి ఇచ్చే కొద్ది సమయమే మీ ఆస్తి. అప్పుడే ఖాళీలో రావలసింది నంబరా, పేరా, చోటా అన్నది గుర్తు పెట్టుకుంటే వినేటప్పుడు వెతుకులాట తగ్గుతుంది. ఎప్పుడూ రెండు ప్రశ్నల మీద కన్నుండాలి, ఇప్పటిదీ తర్వాతదీ. ఒకటి పోతే పోనివ్వండి. దాన్ని తలచుకుంటూ ఉంటే తర్వాతి రెండూ పోతాయి.

వింటూ నోట్స్ రాసుకోవాలా?

పూర్తి వాక్యాలు రాయకండి. రాయడమూ ఆ ఇరుకు చోటునే వాడుకుంటుంది. పేర్లు, అంకెలు, బాణం గుర్తులు చాలు. తెలుగులో రాస్తే వేగంగా వస్తుందనుకుంటే తెలుగులోనే రాయండి, ఎవరూ అడగరు.

టెన్షన్ వస్తే ఒక్క ముక్క వినపడదు. నాకే ఇలాగా?

అందరికీ. "తప్పు చెబితే ఏమనుకుంటారో" అన్న ఆలోచన కూడా ఒక మాటే, మీ మనసులో మీరే అనుకునే మాట. శబ్దాలు తిప్పుకునే చోటులో అది కూర్చుంటే ఎదుటివాడి మాటకు చోటెక్కడ? ధైర్యంగా ఉండండి అని చెప్పి ఊరుకోను, దానివల్ల ఎవరికీ ధైర్యం రాదు. మొదటి రెండు నిమిషాలు సిద్ధం చేసుకోండి. ఇంటర్వ్యూలో మొదట అడిగే నాలుగు ప్రశ్నలను నాలుగు వేర్వేరు గొంతులతో రికార్డు చేయించుకుని వినండి. ఆ కాసేపు తేలిగ్గా గడిస్తే మనసు కుదుటపడుతుంది.

కాల్‌లో అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగొచ్చా? చులకనగా చూస్తారేమో?

అడగండి, కానీ మొత్తం మళ్లీ చెప్పమనకండి. మొత్తం చెబితే మళ్లీ అక్కడే జారుతుంది. మీకు పట్టుబడినంతవరకు చెప్పి మిగతాది అడగండి: "యూ వాంట్ ద ఫైల్ బై ఫ్రైడే, అండ్ దెన్?" ఇలా అడిగేవాళ్లను శ్రద్ధగా వింటున్నవాళ్లుగానే చూస్తారు. పైగా మీ నోటితో మీరే చెప్పడం వల్ల విన్నది ఇంకాసేపు నిలుస్తుంది.

బయట ఉన్నప్పుడు ఫోన్ ఇంటర్వ్యూ వస్తే?

తీయకండి, పది నిమిషాల్లో చేస్తానని చెప్పండి. రణగొణ ధ్వనిలో తెలుగైతే సగం విని మిగతాది ఊహించుకోగలం. రెండో భాషలో ఆ ఊహ అంత తొందరగా అందదు. అమీర్‌పేట మెట్రోలో రెండు లైన్లు కలిసే చోట, జనం దిగి ఎక్కే హడావుడిలో నిలబడి మాట్లాడి, మంచి అవకాశం పోగొట్టుకున్న పిల్లలను చూశాను. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

## కొన్నాళ్లు సాధన చేశాక

హిందీ వీధిలో వింటూనే వచ్చేసింది. ఇంగ్లీషు ఎందుకు రాలేదు?

ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు "నక్కో" (వద్దు), "హౌ" (అవును), "కైకు" (ఎందుకు) ఎవరూ పాఠం చెప్పలేదు, నిజమే. రోజూ అవే చిన్న వాక్యాలు, ఎదురుగా మనిషి, చేతిలో వస్తువు. కూరగాయల బండి దగ్గర మాట అర్థం కాకపోయినా వేలు చూపిస్తే సరిపోతుంది. పైగా హిందీలో, ఉర్దూలో, మన దక్కనీలో క్రియ చివరే వస్తుంది, తెలుగులాగే. విన్న వరసను తిప్పుకునే పని లేదు. ఇంగ్లీషు చాలామందికి పుస్తకంలో పరిచయమైంది, చెవికి ఆలస్యంగా వచ్చింది. చిన్న వాక్యాలు, రోజూ ఎదురయ్యే సందర్భాలు, ముందు అవి ఎక్కువగా వినండి.

మా నాన్నగారికి 60 దాటాయి. అమెరికాలో మనవల మాట అర్థం కావట్లేదంటున్నారు. ఇప్పుడు నేర్చుకోగలరా?

నేర్చుకోగలరు. వయసుతో వర్కింగ్ మెమరీ కొంత తగ్గుతుంది, ముందు వినికిడి కూడా ఒకసారి పరీక్ష చేయించండి. కానీ లోకజ్ఞానం, సందర్భాన్ని పట్టుకునే నేర్పు పెద్దవాళ్లకు ఎక్కువ. మనవలు రోజూ అనే ముప్ఫై వాక్యాలు రికార్డు చేసి పంపమనండి, వాటితోనే మొదలుపెట్టండి. మనవల గొంతు కాబట్టి నాన్నగారు విసుగు లేకుండా ఎన్నిసార్లయినా వింటారు.

బాగుపడుతున్నానో లేదో ఎలా తెలుస్తుంది?

మార్కుల కోసం ఆగకండి. నెలకోసారి కొత్త ఆడియో తీసుకుని, ఒక్కో వాక్యం విని వెంటనే తిరిగి చెప్పండి. ఎన్ని మాటల వాక్యం దాకా చెప్పగలిగారో తేదీ వేసి రాసుకోండి. డిక్టేషన్ కాగితాలూ పారేయకండి.

కాగితంలో ఖాళీలు ఎన్ని అన్నదాని కంటే, ఖాళీ తర్వాత ఏముందో చూడండి. జూన్‌లో మా బ్యాచ్‌లో చేరిన ఒక అమ్మాయి మొదటి కాగితంలో ఒక మాట దగ్గర ఆగిపోయి మిగతాదంతా వదిలేసింది. అక్టోబరు కాగితంలోనూ రెండు ఖాళీలున్నాయి. "రెండు పోయాయి మేడమ్" అని దిగులుగా చూపించింది. మొదటి ఖాళీ తర్వాత ఐదు మాటలు, రెండో ఖాళీ తర్వాత తొమ్మిది మాటలు, ఫుల్‌స్టాప్ దాకా, అన్నీ సరిగ్గా ఉన్నాయి.